ల్యాబులో ఫ్రీజర్ తలుపు తీస్తే నాలుగు సమస్యలు

నమస్కారం. పర్యావరణ హితం, సమాన అవకాశాలు, డిజిటలీకరణ, నాణ్యత. విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రాల వార్షిక నివేదికల్లో ఈ మాటలు తరచూ కనిపిస్తాయి. ఒక్కో మాటకు ఒక కమిటీ, ఒక్కో కమిటీకి ఒక ఫైలు. మన దేశంలో కళాశాలలు, విశ్వవిద్యాలయాల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గుర్తింపుకు వెళ్లే సంస్థలను స్త్రీపురుష సమానత్వం, విద్యుత్ పొదుపు, వ్యర్థాల నిర్వహణ గురించి అడుగుతారు. అడగడం చాలా మంచిది. అయితే ఈ నాలుగింటినీ నాలుగు ఫైళ్లలో విడదీసి పెట్టినంత కాలం ఏదీ ముందుకు కదలదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పడానికి ఒకే ఒక్క యంత్రాన్ని తీసుకుంటాను.

జీవశాస్త్ర ల్యాబుల్లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఉంటుంది. కణాలు, డీఎన్ఏ, ప్రోటీన్లు, రక్త నమూనాలు ఏళ్ల తరబడి అందులోనే దాస్తారు. పాత మోడల్ అయితే రోజుకు దాదాపు 20 యూనిట్ల కరెంటు తాగుతుంది. నెలకు 100 నుంచి 150 యూనిట్లు వాడే ఇంటికి అది నాలుగు నుంచి ఆరు రోజుల కరెంటు. పైగా లోపలి వేడినంతా గదిలోకి వదులుతుంది కాబట్టి ఆ గదికి ఏసీ కావాలి. మే నెలలో హైదరాబాదులోనో విశాఖలోనో ఆ ఏసీ ఎంత కష్టపడాలో వేరే చెప్పనక్కర్లేదు. కరెంటు పోతే జనరేటర్ కూడా ఉండాలి. బిల్లు మాత్రం విశ్వవిద్యాలయం కార్యాలయానికి వెళుతుంది. ఫ్రీజర్ తలుపు రోజూ తీసే రీసెర్చ్ స్కాలర్ ఆ అంకె ఎప్పుడూ చూడరు.

అమెరికాలో కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయంలో చాలా ల్యాబులు మైనస్ 80ని మైనస్ 70కి మార్చుకున్నాయి. ఆ పది డిగ్రీల మార్పుతో ఫ్రీజర్ వాడే కరెంటు 30 శాతం దాకా తగ్గుతుంది. ఎన్నో రకాల నమూనాలు మైనస్ 70లోనూ భద్రంగా ఉంటాయి. ఖర్చు లేని పని. మరి అన్నిచోట్లా ఎందుకు జరగడం లేదు?

లోపల ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి. ఇంట్లో అటక మీద సామాను లాగే ఇదీ పేరుకుపోతుంది. నమూనా ఉన్న గొట్టం మీద రాసిన అక్షరాలు మంచుకు చెరిగిపోయి ఉంటాయి. రాసిన స్కాలర్ పీహెచ్‌డీ ముగించి వెళ్లిపోయి ఉంటారు. ఆ వివరాలు రాసుకున్న నోటుపుస్తకం ఏ బీరువాలో ఉందో గైడుకు గుర్తుండదు. పారేద్దామంటే భయం, మైనస్ 70కి మారుద్దామన్నా భయం. చివరికి ఇంకో ఫ్రీజర్ కొంటారు. అంటే ఇక్కడ కరెంటు సమస్యకు మూలం రికార్డు లేకపోవడం. నమూనాల జాబితా కంప్యూటర్‌లో ఉండి, ఏ పెట్టెలో ఎవరిది ఏముందో వెతికితే దొరికేలా ఉంటే సగం ఫ్రీజర్ ఖాళీ చేయవచ్చు.

నాణ్యత సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. 2016లో నేచర్ అనే విజ్ఞాన పత్రిక 1,576 మంది పరిశోధకులను అడిగితే, వేరొకరి ప్రయోగాన్ని మళ్లీ చేయబోయి విఫలమయ్యామని 70 శాతానికి పైగా చెప్పారు. తమ సొంత ప్రయోగ ఫలితాన్నే మళ్లీ రాబట్టలేకపోయామన్నవారు సగానికి పైనే. అంతకు రెండేళ్ల ముందు 516 పరిశోధన పత్రాల మూల డేటా కోసం ఆరా తీసిన మరో అధ్యయనంలో, పత్రం వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ ఆ డేటా ఇంకా మిగిలి ఉండే అవకాశం 17 శాతం చొప్పున పడిపోతోందని తేలింది. ప్రజల పన్నుల డబ్బుతో పుట్టిన డేటా అది. పోయినప్పుడు మళ్లీ ప్రయోగం చేయాలి. మళ్లీ రసాయనాలు, మళ్లీ కరెంటు, మళ్లీ ప్లాస్టిక్. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో 280 మంది జీవశాస్త్ర పరిశోధకుల నుంచి 2014 ఒక్క ఏడాదిలో వచ్చిన ప్లాస్టిక్ వ్యర్థం 267 టన్నులని అక్కడివారే లెక్కగట్టారు.

ఇక సమాన అవకాశాలు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఒక ఉపన్యాసంతో సరిపెట్టడం మనకు బాగా అలవాటైంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో నాన్సీ హాప్కిన్స్ అనే జీవశాస్త్రవేత్త పనిచేసేవారు. 1990ల మొదట్లో ఆమె ప్రయోగాలకు వాడే జీబ్రాచేపల తొట్లు పెట్టుకోవడానికి మరో 200 చదరపు అడుగుల స్థలం అడిగారు. ఇవ్వలేదు. ఆమె కొలత టేపు తీసుకుని రాత్రిపూట భవనంలోని ల్యాబులన్నీ కొలిచారు. తన ల్యాబు 1,500 చదరపు అడుగులు. తన హోదాలో ఉన్న పురుషులకు సగటున 3,000. అప్పటికి ఎంఐటీ సైన్స్ విభాగాల్లో శాశ్వత హోదా ఉన్న పురుషులు 194 మంది, స్త్రీలు 15 మంది. ఆ స్త్రీలు కలిసి నిలబడ్డారు. 1999లో వెలువడిన నివేదికలో వివక్ష ఉందని ఎంఐటీ బహిరంగంగా ఒప్పుకుంది. ఆమె ధైర్యం నాకు ఎంతో గొప్పగా కనిపిస్తుంది. ఆ పోరాటానికి బలం ఇచ్చింది మాత్రం చదరపు అడుగుల లెక్క.

మన దగ్గర ఆ లెక్క ఏ గోడ మీదైనా ఉందా? ఏ బృందానికి ఎంత స్థలం, ఖరీదైన మైక్రోస్కోపు పగటివేళ ఎవరికి దొరుకుతోంది, రాత్రి పదకొండు తర్వాత ఎవరికి మిగులుతోంది? అమ్మాయిల హాస్టల్ గేటు తొందరగా మూసేసే చోట రాత్రి సమయం ఇవ్వడం అంటే ఆ స్కాలర్‌కు యంత్రం ఇవ్వకపోవడమే. బుకింగ్ కాగితం మీద ఉంటే ఈ తేడా ఎవరికీ కనిపించదు. అందరూ చూడగలిగే ఆన్‌లైన్ పట్టికలో ఉంటే ఒక్క నెలలో బయటపడుతుంది. దేశంలోని పరిశోధన పరికరాలను అందరూ వెతికి వాడుకోవడానికి 2020 జనవరిలో ఐ-స్టెమ్ పోర్టల్ వచ్చింది. అదే పద్ధతిని ప్రతి విభాగమూ తన నాలుగు గోడల మధ్య కూడా పెట్టుకోవచ్చు.

ఇది జరగని పని అనుకోవద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీ రూపొందించిన లీఫ్ అనే పద్ధతిలో ల్యాబులకు కాంస్యం, వెండి, బంగారు స్థాయిలు ఇస్తారు. వ్యర్థాలు, పరికరాలు, నమూనాల నిర్వహణతో పాటు పరిశోధన నాణ్యతను కూడా అదే పట్టికలో చూస్తారు.

కేంద్రాల డైరెక్టర్లను నేను కోరేది ఇది. ఒక్కో ల్యాబుకు ఒకే పట్టిక పెట్టండి: ఫ్రీజర్‌లో ఏముంది, మీటరు ఎంత తిరిగింది, ఎవరికి ఎంత స్థలం, యంత్రం ఎవరికి ఏ వేళ దొరికింది. ఆ పట్టిక నింపే పనిని అలవాటుగా అమ్మాయిలకో, కొత్తగా చేరినవారికో అప్పగించకండి. దాన్ని పరిశోధనలో భాగంగా లెక్కించి, దానికి పనివేళల్లో సమయం ఇవ్వండి. గైడు కూడా వాళ్ల పక్కన కూర్చోవాలి. పదేళ్ల కిందటి గొట్టాన్ని ఉంచాలో పారేయాలో తేల్చే అధికారం ఉన్నది ఆ గైడుకే.