మన నదికి ఒక అర

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఆదివారం సాయంత్రం పనులన్నీ పక్కన పెట్టి వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువాలూ పూలదండలూ వద్దని ముందే కోరాను, మన్నించారు. ఆ టైము కూడా నాకే ఇవ్వండి.

నాకిచ్చిన అంశం ‘నాకు నచ్చిన పది సినిమాలు’. ఆ పదీ నేను చెప్పబోవటం లేదు. చెప్పగానే ఏమవుతుందో మనందరికీ తెలుసు. ‘మా హీరోవి రెండేనా?’ అని అటు నుంచి ఒకరు, ‘ఆయన సినిమా అసలు లేదేంటండీ’ అని ఇటు నుంచి ఒకరు లేస్తారు. మనకి సినిమాలు గుర్తు పెట్టుకునే పద్ధతి ఒక్కటే అలవాటైపోయింది. ఈయనవి ఇన్ని, ఆయనవి ఇన్ని. నేనూ అభిమానినే. రామారావు సినిమా అంటే ఈ రోజుకీ టీవీ ముందు నుంచి లేవను. కానీ హీరోని బట్టి వరస పెడితే మనకి తెలిసేది ఆ హీరో గురించే. కథ ఎక్కడ జరిగింది, అందులో మనుషులు ఏం పని చేసుకుని బతుకుతున్నారు, వాళ్ళ ఇంటి వెనక ఏ కాలువ పారుతోంది, ఇవేవీ ఆ వరసలో కనపడవు. వీటిని బట్టి సినిమాలు పక్కపక్కన పెట్టి చూద్దామని అడగటానికే వచ్చాను.

ఇది నా సొంత ఆలోచన కాదు. మా పిన్నిది.

ఎనభైల చివర్లో మన బెజవాడ సత్యనారాయణపురంలో మా పిన్ని వీధి గదిలో వీడియో లైబ్రరీ నడిపేది. క్యాసెట్లు అద్దెకిచ్చేది, వాటిని ఆడించే వీసీపీ, అంటే వీడియో క్యాసెట్ ప్లేయర్, లేనివాళ్ళకి అది కూడా ఇచ్చేది. శనివారం సాయంత్రం అది దుప్పట్లో చుట్టుకుని రిక్షా ఎక్కేది. మిగతా షాపుల్లో అరల మీద హీరోల పేర్లుండేవి. పిన్ని దగ్గర అలా ఎందుకు లేవంటే, ఆవిడ దగ్గరికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వచ్చేవాళ్ళు. వాళ్ళు హీరో పేరు అడిగేవాళ్ళు కాదు. ‘వదినా, మా ఆడపడుచు వచ్చింది, ఆవిడ పక్కన కూర్చుని చూడదగ్గది ఏదైనా ఇవ్వు’ అనేది ఒకావిడ. ‘అమ్మాయి సంబంధం తప్పిపోయిందండీ, ఇంట్లో ఎవరూ మాట్లాడుకోవట్లేదు, అందరూ నవ్వేది ఇవ్వండి’ అనేది ఇంకొకావిడ. ‘ఏడుపొచ్చేది ఇవ్వమ్మా, ఏడ్చి చాలా రోజులైంది’ అని అడిగిన పెద్దావిడ నాకు బాగా గుర్తు. పిన్ని ఎందుకని అడగలేదు. లేచి క్యాసెట్ తీసి ఇచ్చింది.

ఇలా అడిగేవాళ్ళకి చేతికందేలా అరలు సర్దింది. పాత శుభలేఖల్ని ముక్కలుగా కత్తిరించి, వెనక వైపు పెన్సిల్‌తో రాసి అతికించింది. ‘గోదారి’ అని ఒక అర. ‘ఉద్యోగం దొరకనివాళ్ళు’ అని ఒకటి. అందులో ‘ఆకలి రాజ్యం’ ఉండేది. ‘పాటా ఆటా’ అనే అరలో ‘శంకరాభరణం’, ‘సాగర సంగమం’. ‘రోలూ పొయ్యీ’ అని ఇంకొకటి. ఘటోత్కచుడి వివాహ భోజనం ఉంది గనక ‘మాయాబజార్’, రామారావు రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతూ పాడతాడు గనక ‘గుండమ్మ కథ’ అందులోకి వెళ్ళాయి. ఆ రెండూ రామారావు సినిమాలని అక్కడ పెట్టలేదు, గమనించండి. పిన్ని ఉంటే, కొలకలూరు కుర్రాడు బొంబాయి చట్నీని నమ్ముకుని గుంటూరులో టిఫిన్ హోటల్ పెట్టే ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ కూడా అక్కడికే వెళ్ళేది. 1957 సినిమా, 1962 సినిమా, 2020 సినిమా ఒకే అరలో. ఏ హీరో అభిమానీ ఆ మూడింటినీ ఒకచోట పెట్టడు.

మరి ఒక సినిమా రెండు అరలకి పనికొస్తే? క్యాసెట్ ఒక్కటే కదా. ‘అందాల రాముడు’ గోదారి సినిమా, ప్రయాణం సినిమా కూడా. పిన్ని క్యాసెట్‌ని ‘గోదారి’లో పెట్టి, ‘ప్రయాణాలు’ అరలో ఖాళీ పెట్టె పెట్టేది. పెట్టె తెరిస్తే లోపల చీటీ. ‘క్యాసెట్ గోదారిలో ఉంది.’ స్కూలు నుంచి వచ్చి ఆ చీటీలు రాయటం నా పని. పెద్ద పెద్ద లైబ్రరీల్లో ఒక పుస్తకాన్ని రెండు విషయాల కింద చూపిస్తూ కార్డులు రాస్తారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఎనిమిదో తరగతితో ఇంట్లోవాళ్ళు చదువు ఆపించేసిన మనిషి ఆ పద్ధతి తనంతట తానే కనిపెట్టింది.

ఒక లాంగ్ నోట్‌బుక్ కూడా ఉండేది. క్యాసెట్ ఎవరు పట్టుకెళ్ళారన్నది ఎవరైనా రాసుకుంటారు. పిన్ని దాని పక్కన తిరిగిచ్చేటప్పుడు వాళ్ళన్న మాట కూడా రాసేది. ‘కోడలితో కలిసి చూశారట.’ ‘సగంలో ఆపేశారు, వాళ్ళాయన లేచి వెళ్ళిపోయాడు.’ ‘మళ్ళీ కావాలి.’ ఒక పేటలో ఆడవాళ్ళు సినిమాల్ని ఎలా చూశారో చెప్పే పుస్తకం అది. కేబుల్ వచ్చింది, గిరాకీ పోయింది, కొట్టు మూసేశారు. ఇల్లు మారినప్పుడు ఆ పుస్తకాలన్నీ పాత పేపర్లతో కలిపి కిలోల లెక్కన అమ్మేశారు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. మీ ఇళ్ళలో అలాంటివి ఉంటే దయచేసి పారేయకండి. మా అబ్బాయి అడ్డమొస్తున్నాయంటున్నాడు అనుకుంటే నాకు ఫోన్ చేయండి, ఆటోలో వచ్చి పట్టుకెళ్తాను.

అధ్యక్షులవారు వాచీ చూసుకుంటున్నారు. ఇంకో పది నిమిషాలు సార్, అసలు మాట ఇప్పుడే వస్తోంది.

సినిమాల్ని ప్రాంతాల వారీగా చూడటం బెజవాడవాళ్ళకి ఒకరు నేర్పాలా? 1921లోనే మారుతి టాకీస్ పెట్టుకున్న ఊరు ఇది. గాంధీనగర్‌లో సందు సందుకీ పంపిణీ ఆఫీసులుండేవి. పంపిణీవాళ్ళ లెక్కలో నైజాం అంటే తెలంగాణ, సీడెడ్ అంటే రాయలసీమ, ఆ తర్వాత వైజాగ్, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. కలెక్షన్లు ఈ రోజుకీ ఇదే వరసలో చెప్తారు. వ్యాపారం చేసేవాళ్ళు సినిమా ఏ ప్రాంతంలో ఆడుతుందో చూశారు. చూసే మనం, సినిమాలో ఏ ప్రాంతం ఉందో చూడాలి. నేను చెప్పేది అంతే.

చూస్తే ఏం కనపడుతుంది? పిన్ని ‘గోదారి’ అరే తీసుకోండి. 1964లో ‘మూగమనసులు’. 1967లో పులిదిండిలో తీసిన ‘సాక్షి’. 1973లో ‘అందాల రాముడు’, కథంతా భద్రాచలం వెళ్ళే లాంచీ మీదే. మళ్ళీ 2006లో ‘గోదావరి’, మళ్ళీ భద్రాచలం పడవ. చివరి రెండు పడవల సినిమాల్నీ ఒకే రోజు చూడండి. పై అంతస్తులో ఎవరు కూర్చున్నారు, కింద ఎవరు వండుతున్నారు, ఎవరు ఎవరితో కలిసి తింటున్నారు, ముప్పై ఏళ్ళలో ఇందులో ఏం మారింది, ఏం మారలేదు, ఇదంతా కళ్ళకి కడుతుంది. విడివిడిగా చూస్తే ఒకటి నాగేశ్వరరావు సినిమా, ఒకటి సుమంత్ సినిమా. తాతా మనవళ్ళు కదా అనుకుని వదిలేస్తాం.

ఇప్పుడు ‘మూగమనసులు’ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. పడవ నడిపే గోపి నాగేశ్వరరావు, గుడివాడ దగ్గర ఊరి మనిషి. రాధమ్మ సావిత్రి, గుంటూరు జిల్లా చిర్రావూరు పిల్ల. గౌరి వేసిన జమున దుగ్గిరాలలో పెరిగింది. ముగ్గురూ మన కృష్ణా గుంటూరులవాళ్ళే. నది మాత్రం గోదావరి!

నా బాధ ఇదే. రామారావుది నిమ్మకూరు. ఘంటసాలది చౌటపల్లి. చక్రపాణిది తెనాలి. నటులు మనవాళ్ళు, గొంతు మనది, గాంధీనగర్ నుంచి వెళ్ళిన డబ్బు మనది. మరి కృష్ణా నది ఏది? పిన్ని దగ్గర ‘కృష్ణ’ అని ఒక చీటీ నేనే రాసి ఒక అరకి అతికించాను. అందులో పెట్టటానికి క్యాసెట్లు వెతుక్కోవాల్సి వచ్చేది. ఒకటీ అరా ఉంటే వాటిల్లోనూ పాటలో బ్యారేజీ అలా కనపడి పోతుంది. ‘మాయాబజార్’ వచ్చిన 1957లోనే పూర్తయింది ఆ ప్రకాశం బ్యారేజీ. ఊరి మధ్య నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పారుతున్నాయి. మూడు కాలువల ఊరికి నీళ్ళ సినిమా లేదు.

గోదారికి ఎందుకుంది? నరసాపురంలో పుట్టిన బాపు, ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ, పసలపూడి వంశీ, వీళ్ళు మద్రాసు వెళ్ళినా కెమెరాని మళ్ళీ తమ నీళ్ళ దగ్గరికే తెచ్చుకున్నారు. పట్టుబట్టి తెచ్చుకున్నారు. మనవాళ్ళు వెళ్ళి పెద్దవాళ్ళయ్యారు, మనం చప్పట్లు కొట్టాం. ఎవరూ పట్టుబట్టలేదు.

పోనీ ఊరి పేరుతో అర పెడదాం. బెజవాడ. అందులో ఏముంటాయి? ‘శివ’లో ఊరు ఏదైనా, రాంగోపాల్ వర్మ ఆ కథని ఇక్కడ ఇంజినీరింగ్ చదివిన రోజుల నుంచి తెచ్చుకున్నాడు. తర్వాత ‘ప్రస్థానం’, ‘బెజవాడ’, ‘ఆటోనగర్ సూర్య’, ‘వంగవీటి’. వీటిలో ‘ప్రస్థానం’ నాకు చాలా ఇష్టమైన సినిమా, సాయికుమార్‌ని అంత బాగా ఇంకెక్కడా చూడలేదు. కానీ అన్నీ పక్కపక్కన పెట్టండి. కత్తి, జీపు, పార్టీ ఆఫీసు, మళ్ళీ కత్తి. ఇక్కడ నెత్తురు పారలేదని నేననను. 1988 డిసెంబరులో వంగవీటి రంగా హత్య తర్వాత అల్లర్లు చూసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, నేనూ చూశాను, కర్ఫ్యూలో పాలప్యాకెట్ కోసం పడిన టెన్షన్ మర్చిపోలేదు. కానీ ఊరంటే అదొక్కటేనా? మా అమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో చేరిన మొదటి రోజు పక్క మంచం పిల్ల ‘మీది బెజవాడా, అమ్మో!’ అందట. ఆ ‘అమ్మో’ ఎక్కడి నుంచి వచ్చింది? ఈ అరలోంచే వచ్చింది.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ళున్నారు. చెక్క కోయటం, ఇనుము అతకటం, చివర్లో పెయింటరు నిచ్చెనేసుకుని లారీ నుదుటి మీద అమ్మవారి పేరు రాయటం. ఆ రాసే చెయ్యి దగ్గర్నుంచి ఎప్పుడైనా చూశారా? గీత వంకర పోకుండా ఊపిరి బిగబట్టి రాస్తాడు, అక్షరం పూర్తయ్యాక వదులుతాడు. ఆ మనిషికి కథ లేదా? ఏలూరు రోడ్డులో పుస్తకాలు అచ్చేసినవాళ్ళకి లేదా? స్టేషన్లో అర్ధరాత్రి బండి మారే జనానికి లేదా?

రైతుల అర చూడండి, అది మన జిల్లాలకి గర్వంగా చెప్పుకోదగ్గది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీశారు. జమీందారీ పెత్తనం మీద గురిపెట్టిన సినిమా, పెట్టుబడి మాత్రం చల్లపల్లి జమీందారుది! అందులో ముఖ్యపాత్ర బళ్ళారి రాఘవ. ఇవాళ ఆయనకి కటౌట్ కట్టేవాళ్ళు లేరు గనక, హీరోల వరసలో వెతికితే ఆ సినిమా మీకు ఎప్పటికీ ఎదురుపడదు. పొలం, పన్ను, కౌలు అని వెతికితే మొట్టమొదట అదే వస్తుంది. పక్కనే 1955 నాటి ‘రోజులు మారాయి’, అందులో అప్పికట్ల కొసరాజు రాసిన ఏరువాక పాట. ఒకప్పుడు మనవాళ్ళకి మన నేల మీద కథ చెప్పటం చేతనయింది. తర్వాత ఎందుకు వదిలేశాం?

2020లో ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’తో గుంటూరు కనపడింది, ‘కలర్ ఫోటో’తో బందరు కనపడింది. రెండూ నేరుగా ఓటీటీలోనే చూశాం. ఇంట్లో కూర్చుని బందరు చూస్తుంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తీయగలిగే పిల్లలు ఉన్నారు. వాళ్ళలో కొందరు ఈ హాల్లో వెనక నిలబడి ఉన్నారని తెలుసు. బాబూ, ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మీ అందరినీ అడిగేది ఇది. గుమ్మం దగ్గర ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చారు. మీకు నచ్చిన సినిమాలు దాని మీద రాయండి, హీరో పేరు మాత్రం రాయకండి. కథ ఏ ఊళ్ళో, ఏ నీళ్ళ పక్కన, వాళ్ళు చేసే పని ఏంటి, మీరు ఎవరితో కలిసి చూశారు, ఇవి రాయండి. ఒకే సినిమాని రెండు మూడు చోట్ల రాసినా పర్వాలేదు. అన్నీ కలిపి ఒక పుస్తకం కుడదాం, ఈ లైబ్రరీలోనే ఉంచుదాం. వచ్చే నెల మన సమావేశంలో ‘అందాల రాముడు’, ‘గోదావరి’ రెండూ వరసగా వేద్దామని కార్యదర్శిగారిని అడిగాను, ఒప్పుకున్నారు. పొద్దున పదింటికి మొదలు, మధ్యలో పులిహోర.

గాంధీనగర్ ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళు, సినిమా రీళ్ళ బాక్స్ వెంట పంపిణీవాళ్ళ రెప్రజెంటేటివ్‌గా ఊళ్ళు తిరిగినవాళ్ళు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే, టీ తాగేసి వెంటనే వెళ్ళిపోకండి. పెట్టె ఏ బస్సు మీద వేశారు, ఫస్ట్ షో టైముకి అందకపోతే హాల్లో జనానికి ఏం చెప్పారు, రాత్రికి ఎక్కడ పడుకున్నారు, ఇవి మాకు కావాలి. రాసుకోవటానికి కాలేజీ పిల్లలు ఇద్దరు కుడివైపు బల్ల దగ్గర కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పితో లేవలేనివాళ్ళు చెయ్యెత్తండి, వాళ్ళే మీ దగ్గరికి వస్తారు.