డబ్బా మీద రాసిన దూరం

అందరికీ నమస్కారమండీ. ఇప్పుడే కాఫీలు తాగారు కాబట్టి నిద్రపోరనే ధైర్యంతో మొదలుపెడుతున్నా.

ముందు నా గోల చెప్తా. కొన్నేళ్ల కింద ఆన్‌లైన్‌లో వాకీటాకీ జత ఒకటి కొన్నా, డబ్బా మీద ఇంతింత అక్షరాలతో 10 కిలోమీటర్లు అని రాసుంది, ఒకటి మా అబ్బాయికిచ్చి డాబా మీద నిలబెట్టి రెండోది పట్టుకుని నేను నడుచుకుంటూ పోయా, మూడో సందు తిరిగానో లేదో "నాన్నా ఎక్కడు..." అని సగం మాట వినపడింది, ఆ తర్వాత బర్రుమని శబ్దం తప్ప ఏం లేదు. ఇంటికొచ్చి డబ్బా తిప్పి చూస్తే అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "అడ్డు లేని చోట" అని ఉంది. అడ్డు లేని చోటంటే మా ఊళ్లో చెరువు మధ్యలోకి పోవాలి.

లెక్క వేస్తే మాత్రం వాడు తప్పేం రాయలేదు. మీటరున్నర ఎత్తున పట్టుకున్న సెట్టుకి భూమి వంపు అడ్డం రావడానికి దాదాపు 5 కిలోమీటర్లు పడుతుంది, అవతలివాడి 5 కలిపితే 10. మధ్యలో ఇల్లూ చెట్టూ లేకపోతేనే సుమా.

ఇలా దూరం గొప్పగా చెప్పి అమ్మే విద్య నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో న్యూజెర్సీలోని నూవర్క్‌లో ఫ్రెడరిక్ కాలిన్స్ అని ఒకాయన, 1908 ప్రాంతంలో వైర్‌లెస్ టెలిఫోన్ కంపెనీతో ఊగిపోయాడు. నూవర్క్ నుంచి ఫిలడెల్ఫియాకి 81 మైళ్లు మాట పంపించామని చెప్పుకున్నారు, 1909లో సియాటిల్ ఎగ్జిబిషన్‌లో బంగారు పతకం కూడా వచ్చింది. ఇంక ప్రచారం ఎట్లా ఉండేదంటే కారులో ఫోన్ పెట్టుకోండి, దారిలో బండి ఆగిపోతే అక్కణ్నుంచే గ్యారేజీకి మాట్లాడండి అని.

ఇప్పుడు ఆ సెట్టు లోపలికి చూద్దాం. రెండు కార్బన్ ముక్కల మధ్య ఆర్క్ వెలిగించాలి, వెల్డింగ్ షాపులో మెరుస్తుందే ఆ జాతిదే, దానికి వందల ఓల్టుల కరెంటు కావాలి, అది చిటపటలాడుతూ ఉంటుంది, ఆ గోలలోనే మాట పోవాలి. ఆర్క్ ఫోన్లలో మైక్‌ని నేరుగా యాంటెన్నా లైన్లోనే పెట్టేవాళ్లు కాబట్టి మాట్లాడుతుంటే మైక్ వేడెక్కిపోయేది. వినేవాడి దగ్గర వాల్వ్ అనే గాజు బుడ్డితో శబ్దం పెంచే ఆంప్లిఫయర్ లేదు, అది వాడకంలోకి రావడానికి ఇంకో నాలుగైదేళ్లు పట్టింది. ఇదంతా 1908 కారులో ఎక్కడ పెడతారండీ, డ్రైవర్‌ని దింపేసి పెట్టాలి.

81 మైళ్లు నిజమే అనుకుందాం. అటునుంచి జవాబొచ్చిందా? అవతల ఎంత ఎత్తు యాంటెన్నా కట్టారు? ఎవరైనా ఇటు పక్క పేపర్లో చూసి చదివిన మాటని అటు పక్క తెలియనివాడు విని రాశాడా? ఒక రాత్రి ఒకసారి ఏదో వినపడటం వేరు, రోజూ మాట్లాడుకోవడం వేరు, ప్రకటనలో మాత్రం మొదటిది రెండోదాని చొక్కా వేసుకుని వస్తుంది.

అసలు కిటుకు నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. వాళ్లు గట్టిగా అమ్మింది ఫోన్లు కాదండీ, షేర్లు. ఫోన్ కొన్నవాడు మూడో సందులో నాలాగా తిట్టుకుంటూ వెనక్కి పంపిస్తాడు, షేర్ కొన్నవాడి దగ్గర కాయితమే కదా, దాంతో ఎవరికి హలో చెప్పి చూస్తాడు? ఆ షేర్లు పోస్టులో అమ్మారు కాబట్టే పోస్టల్ ఇన్‌స్పెక్టర్లు పట్టుకున్నారు, 1913 జనవరిలో కాలిన్స్‌కి మెయిల్ ఫ్రాడ్, అంటే పోస్టు వాడి చేసిన మోసం కింద మూడేళ్ల జైలు పడింది, ఒక ఏడాది ఉండి బయటికొచ్చాడు.

అయితే అనుమానించేవాళ్లు కూడా బోల్తా పడతారు. అదే 1913లో, శబ్దం పెంచే ఆ వాల్వ్ కనిపెట్టిన లీ డి ఫారెస్ట్ మీద కూడా ఇలాంటి కేసే నడిచింది, త్వరలో అట్లాంటిక్ దాటి మనిషి గొంతు వినపడుతుందని ఆయన చెప్పడాన్ని కూడా ప్రాసిక్యూషన్ మోసం కిందే లెక్కేసింది. ఆయన బయటపడ్డాడు. రెండేళ్లు తిరక్కముందే, 1915లో వర్జీనియాలోని ఆర్లింగ్టన్ నుంచి మాట్లాడితే పారిస్‌లో ఈఫిల్ టవర్ దగ్గర వినపడింది, కాకపోతే పంపడానికి వందల వాల్వులు కావాల్సొచ్చింది. అందుకే "ఇది ఎప్పటికైనా కుదురుతుందా" అని నేను అడగను, "నువ్వమ్మే ఈ డబ్బాతో, ఈ బ్యాటరీతో, మా వీధిలో కుదురుతుందా" అని అడుగుతా.

కాలిన్స్ ఆ తర్వాత 1922లో రేడియో నేర్చుకునే కుర్రాళ్ల కోసం ఒక పుస్తకం రాశాడు, అది దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ అచ్చయింది. బుర్ర లేనివాడు కాదు మరి.

మా వాకీటాకీలు ఇంకా ఉన్నాయి. నేను డాబా మీద ఉంటే కిందనుంచి మావాడు "నాన్నా, అన్నం" అంటాడు, స్పష్టంగా వినపడుతుంది. ప్రశ్నలుంటే అడగండి.