గైడ్ మాట: చెవిలో పడాలి, కన్ను తిరగాలి

[తెర మీద: ఒక పాత కట్టడం. గైడ్ ముందు నడుస్తూ మాట్లాడుతున్నాడు. వెనక ఇరవై మంది. వాళ్ళకి కనిపిస్తున్నది అతని వీపు. మాటలు తెగి తెగి వినిపిస్తాయి.]

ఈ గైడ్‌కి అన్నీ తెలుసు. ఏ గోడ ఎవరి కాలంలో లేచిందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. మరి చివర్లో ఉన్న ఆ ఇద్దరూ ఫోన్లు ఎందుకు బయటికి తీశారు? ఆసక్తి లేక కాదు. వినపడక. వినపడిన ఆ నాలుగు ముక్కలూ దేని గురించో అర్థం కాక.

నమస్తే. ఇవాళ టూర్ గైడ్ల మాట గురించి చెప్పుకుందాం. చరిత్ర ఎలా చదవాలో నేను చెప్పబోవడం లేదు, అది మీకు నాకన్నా బాగా తెలుసు. చదివింది మీ నోటి నుంచి బయల్దేరి, ఎదుటివాళ్ళ చెవిలో పడి, వాళ్ళ కళ్ళని సరైన చోటికి తిప్పాలి. మధ్యలో అది ఎక్కడెక్కడ జారిపోతుందో చూద్దాం.

[తెర మీద ఒక వాక్యం నెమ్మదిగా టైప్ అవుతుంది: "పన్నెండవ శతాబ్దంలో నిర్మింపబడి, అనంతర కాలంలో దాడులకు గురై, తిరిగి పునరుద్ధరింపబడిన ఈ మండపంలో రాజు కొలువు తీరేవాడు కాదు."]

ఇది నేను ఉదాహరణ కోసం అల్లిన వాక్యం. కాగితం మీద దీనికి వంక పెట్టలేం. ఇప్పుడు ఎండలో నిలబడి, పక్కన పిల్లాడు నీళ్ళు అడుగుతుంటే, దీన్ని వినండి. "గురై" దగ్గరికి వచ్చేసరికి దేని గురించి మొదలైందో మర్చిపోతాం. చదివేవాడు మళ్ళీ పై లైనుకి వెళ్ళి చూసుకుంటాడు. వినేవాడికి ఆ అవకాశం లేదు.

అసలు చిక్కు చివరి మాటలో ఉంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. అవునా కాదా అన్నది కూడా అక్కడే తేలుతుంది. మన ఊపిరి అయిపోయేదీ, గొంతు కిందికి దిగేదీ సరిగ్గా అక్కడే. వెనక వరసకి "రాజు కొలువు తీరే..." వరకు చేరి, "కాదు" చేరకపోతే? వాళ్ళు ఇంటికెళ్ళి రాజుగారి దర్బారు చూసొచ్చామని చెప్తారు. ఫొటో కూడా చూపిస్తారు.

[తెర మీద: అదే మండపం. గైడ్ ఈసారి గ్రూపు వైపు తిరిగి ఉన్నాడు.]

అదే విషయం ఇలా చెప్పి చూడండి. "ఇది రాజుగారి కొలువు అని చాలామంది అనుకుంటారు." ఒక క్షణం ఆగండి. "కాదు." మళ్ళీ ఆగండి. "ఇక్కడ నాట్యం జరిగేది." కట్టిన కాలం, దాడులు, మరమ్మతులు తర్వాత వస్తాయి, ఎవరికైనా కావాలంటే. "కాదు" అన్న మాటకి సొంతంగా ఒక వాక్యం ఇచ్చాం కాబట్టి గొంతు దాని మీద నిలబడింది. ఇక "నిర్మింపబడి"ని "కట్టారు" చేయడం మీకు చెప్పక్కర్లేదు. కానీ గైడ్లలో చాలామంది మామూలుగా బాగానే మాట్లాడుతూ, బోర్డు ముందుకి రాగానే ఎందుకో శాసనం భాషలోకి వెళ్ళిపోతారు. బోర్డు మీద ఉన్నది చదువుకోవడం వచ్చినవాళ్ళకీ వచ్చు. మీరు దాని పక్కన నిలబడ్డది అందుకు కాదు కదా.

[తెర మీద: రోమ్‌లోని పాంథియన్ అనే పురాతన గుడి లోపలి దృశ్యం. కెమెరా నేల మీద ఉంది.]

రెండో చోటు, కన్ను. గైడ్ మాటకీ రేడియోలో మాటకీ ఉన్న తేడా ఇదే. గైడ్ మాట్లాడేటప్పుడు ఎదురుగా వస్తువు ఉంటుంది. దాని మీద చూపు పడకముందే మీరు మాట మొదలుపెడితే, జనం వింటూ వెతుకుతుంటారు. వెతకడంలో పడితే వినడం పోతుంది.

పాంథియన్ తీసుకోండి. గుమ్మటం వెడల్పు 43 మీటర్లు దాటుతుంది. లోపల ఇనుప కమ్మీలు లేని కాంక్రీటు. దాదాపు 1900 ఏళ్ళుగా అలాగే ఉంది. నడినెత్తిన పెద్ద రంధ్రం, దానికి మూత లేదు. లోపలికి రాగానే ఇదంతా చెప్పేయాలని ఎవరికైనా నోరు ఊరుతుంది. చెప్పకండి. ముందు "పైకి చూడండి" అనండి. ఆ తర్వాత మీరు కూడా పైకి చూస్తూ ఊరుకోండి. తలలు పైకి లేచి, "అబ్బా" అనుకుని, మళ్ళీ మీ వైపు తిరగడానికి కొన్ని క్షణాలు పడుతుంది. అప్పుడు, "వాన పడితే ఏమవుతుంది?" జవాబు మీరు చెప్పద్దు. "ఇప్పుడు మీ కాళ్ళ దగ్గర చూడండి." నేల మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, నీళ్ళు పోవడానికి చిన్న చిన్న కన్నాలు ఉంటాయి. ఎవరో ఒకరు వాటిని చూసి తమంతట తామే అంటారు, వాన లోపలికే పడుతుంది, అటు పోతుంది అని. మీరు మాట్లాడింది మూడు వాక్యాలు. వాళ్ళకి మాత్రం ఆ కన్నాలు గుర్తుండిపోతాయి, ఎందుకంటే కనిపెట్టింది వాళ్ళు.

అమెరికా జాతీయ పార్కుల గైడ్ల పని గురించి ఫ్రీమన్ టిల్డెన్ 1957లో రాసిన సూత్రాల్లో రెండు ఇదే ధోరణిలో ఉంటాయి: సమాచారం ఇచ్చినంత మాత్రాన వ్యాఖ్యానం అయిపోదు, ఎదుటివాళ్ళలో కదలిక పుట్టించడం దాని పని.

చూపు తిప్పడంలో ఒక చిన్న ప్రమాదం ఉంది. మీరు గ్రూపుకి ఎదురుగా నిలబడి "ఎడమ వైపు చూడండి" అన్నారు. ఎవరి ఎడమ? నేను వెళ్ళిన ఒక టూర్‌లో ఈ మాటకి సగం మంది శిల్పం వైపు, సగం మంది మంటలార్పే సిలిండర్ వైపు తిరిగాం. సిలిండర్ వైపు తిరిగినవాళ్ళలో నేనూ ఉన్నాను, చాలాసేపు శ్రద్ధగానే చూశాను. "మీ ఎడమ చేతి వైపు" అంటే సరిపోతుంది. "తలుపు పైన, ఏనుగు పక్కన" అంటే ఇంకా మంచిది.

[తెర మీద: ఈఫిల్ టవర్. పక్కన "330 మీటర్లు, 1889" అన్న అంకెలు వచ్చి, వెంటనే మాయమైపోతాయి.]

అంకెలు కూడా ఇలాగే మాయమైపోతాయి. మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేవి సుమారు నాలుగు విషయాలే అని 2001లో నెల్సన్ కోవన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాదించాడు. నిలబడి, నడిచి, బ్యాగు మోస్తూ వినేవాళ్ళకి నాలుగు కూడా ఎక్కువేమో. ఒక ఆగిన చోట ఒక అంకె చాలు, అదీ ఏదో ఒక కథకి కొక్కెంలా తగులుకుని ఉండాలి. "1889లో పూర్తయింది, ఎత్తు 330 మీటర్లు" అంటే అందరూ తలూపుతారు, అంతే. "దీన్ని ఇరవై ఏళ్ళ కోసమే కట్టారు. 1909లో విప్పేయాల్సింది. మరి ఇంకా ఎందుకుంది?" అంటే ఆ తలలు ఆగుతాయి. పైన యాంటెన్నాలు పెట్టుకోవడానికి, వైర్‌లెస్ సందేశాలు పంపడానికి పనికొచ్చింది కాబట్టి ఉంచేశారు. ఎత్తు చెప్పకపోయినా ఫర్వాలేదు. అది వాళ్ళకి కనిపిస్తూనే ఉంది.

[తెర మీద: గైడ్ మధ్యలో, జనం దూరంగా. మధ్యలో గీతలు: 2 మీటర్లు, 4 మీటర్లు, 8 మీటర్లు.]

ఇప్పుడు గొంతు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీకు రెండు మీటర్లలో ఉన్న మనిషికీ ఎనిమిది మీటర్లలో ఉన్న మనిషికీ మధ్య 12 డెసిబెల్స్ తేడా. చివర్లో ఉన్నవాళ్ళకి మీ గొంతు సగం కన్నా తక్కువగా అనిపిస్తుంది. దీనికి అరవడం మందు కాదు, దగ్గరికి పిలవడమే మందు. "ఇంకొంచెం ముందుకు రండి, అర్ధచంద్రంలా నిలబడదాం" అన్న ఒక్క వాక్యం మీ గొంతుకి సాయంత్రం దాకా ఆయుష్షు పోస్తుంది. వీలైతే మీ వెనక గోడ ఉండేలా చూసుకోండి, మాట ముందుకి వెళ్తుంది. ఎండ మీ మొహం మీద పడేలా నిలబడండి, వాళ్ళ కళ్ళల్లో పడకూడదు. కళ్ళు చికిలిస్తూ మీ మొహం చూడలేని మనిషికి మాట కూడా సరిగ్గా అందదు, మనం పెదాల్ని చూసి కూడా వింటాం కాబట్టి.

పక్కన ఇంకో గ్రూపు ఉందనుకోండి. వాళ్ళ గైడ్ గొంతు పెంచితే మీరూ పెంచుతారు, మీరు పెంచితే వాళ్ళూ. చుట్టూ రొద పెరిగితే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచ్ వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లో ప్రచురించాడు. ఆయన పేరుతోనే దాన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. గుర్తుపడితే బయటపడొచ్చు: ఆ రెండు నిమిషాలు మాట్లాడకుండా చూడనివ్వండి. గుమ్మటం కింద అయితే సమస్య వేరు. అక్కడ వినపడకపోవడం ఉండదు, ఒక మాట ప్రతిధ్వని తర్వాతి మాట మీద పడుతుంది. గొంతు తగ్గించి, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఇవ్వాలి.

హెడ్‌సెట్లు వచ్చాక ఈ బాధలు తీరిపోయాయనుకుంటారు. గుసగుసగా మాట్లాడినా అందరికీ చేరుతుంది, నిజమే. అయితే దూరంగా ఉన్న మనిషి చెవిలో "ఇదిగో, ఈ చెక్కడం చూడండి" అని వినిపిస్తుంది, కానీ అతని ముందు మందుల షాపు ఉంటుంది. మైక్ ఉన్నా మనుషులు వచ్చేదాకా ఆగాలి. ఆఖరి మనిషి వచ్చి నిలబడ్డాకే విషయం మొదలుపెట్టండి. ఈలోగా ముందొచ్చినవాళ్ళతో పిచ్చాపాటీ మాట్లాడుకోండి, అది పోయినా నష్టం లేదు.

[తెర మీద: తెలుగు రాని సందర్శకులు. ఒకామె నవ్వుతూ తలూపుతోంది. కళ్ళు మాత్రం ఖాళీగా ఉన్నాయి.]

మీ భాష వాళ్ళ భాష కానప్పుడు, ఈ తలూపడాన్ని నమ్మకండి. మర్యాద కోసం ఊపుతారు. చాలామంది గైడ్లు ఇక్కడ గొంతు పెంచుతారు. ఆమెకి చెవుడు లేదండీ, భాష రాదు అంతే. వేగం తగ్గించండి, వాక్యాలు చిన్నవి చేయండి, సామెతలు పక్కన పెట్టండి. ఇంకొకటి ఉంది, మన స్కూల్లో నేర్పినదానికి పూర్తిగా వ్యతిరేకం: ఒక వస్తువుని మొదట ఏ పేరుతో పిలిచారో చివరిదాకా అదే పేరుతో పిలవండి. ఒకసారి కోట, ఒకసారి దుర్గం, ఒకసారి ప్రాకారం అంటే మనకి అందం. వాళ్ళకి మూడు కట్టడాలు.

పక్కన అనువాదకుడు ఉంటే, రెండు వాక్యాలు చెప్పి ఆగండి. ప్రతి మాటా రెండుసార్లు నడుస్తుంది కాబట్టి మీ విషయం సగానికి తగ్గించుకుని రండి. మాట్లాడేటప్పుడు అనువాదకుణ్ణి కాదు, సందర్శకుల్ని చూడండి. మొదట్లో వింతగా ఉంటుంది, పది నిమిషాల్లో అలవాటవుతుంది.

తెలుగులో చెప్పే గైడ్లకి మాత్రం రెండు వరాలున్నాయి. ఒకటి "అట". "రాణి ఈ బురుజు మీద నుంచి దూకింది" అంటే అది చరిత్ర. "దూకిందట" అంటే జనం చెప్పుకునే కథ. ఒక్క అక్షరంతో ఆధారం ఉన్నదీ లేనిదీ విడదీయొచ్చు. చాలా భాషల్లో దీనికి ఒక వాక్యం ఖర్చవుతుంది. కథని తీసేయక్కర్లేదు, రుచిగా చెప్పండి, ఆ "ట" మాత్రం మింగేయకండి. రెండోది "మనం". "మేం ఇప్పుడు మెట్లెక్కుతాం" అంటే వాళ్ళు బయటివాళ్ళు. "మనం ఎక్కుదాం" అంటే మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన కూడా మీ జట్టులో మనిషి.

[తెర మీద: గైడ్ ఒక ప్రశ్న అడిగాడు. గ్రూపు మౌనంగా ఉంది. మూలన గడియారం: ఒకటి, రెండు, మూడు.]

మీరు ప్రశ్న అడిగారు, ఎవరూ పలకలేదు. గుండె జారి మీరే జవాబు చెప్పేస్తారు. తరగతి గదుల్లో టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబుల పొడవూ నాణ్యతా పెరుగుతున్నాయని మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల్లో చూపించారు. పెద్దవాళ్ళు కూడా పిల్లలే, ఈ విషయంలో. మూడు లెక్కపెట్టండి. మనసులో.

వాళ్ళు అడిగినప్పుడు, ఆ ప్రశ్నని మీరు గట్టిగా ఒకసారి తిరిగి చెప్పి అప్పుడు జవాబివ్వండి. లేకపోతే ముందు వరసతో మీ ఇద్దరి ముచ్చటగా మిగిలిపోతుంది. తెలియనిది అడిగితే "తెలీదు, కనుక్కుని చెప్తాను" అనండి. కనుక్కోండి కూడా.

[తెర మీద: బయటి గేటు. జనం విడిపోవడానికి సిద్ధంగా ఉన్నారు.]

ఇంకొక్కటి. రోజంతా మీరు చెప్పిన వాటిలో అందరికీ తప్పకుండా చేరాల్సిన వాక్యం రాజుల గురించి కాదు: మళ్ళీ ఎన్ని గంటలకి, ఎక్కడ కలవాలి అన్నది. గైడ్లు దాన్ని మొదట్లో చెప్పి, ఆ తర్వాత టాయిలెట్ల గురించి, ఫొటోల గురించి, షాపింగ్ గురించి చెప్తారు. చివరిగా విన్నదే గుర్తుంటుంది కాబట్టి అందరికీ టాయిలెట్లు ఎక్కడో గుర్తుంటాయి. మిగతావన్నీ ముందు చెప్పేయండి. టైమూ చోటూ చివర్లో, వేలితో ఆ చోటు చూపిస్తూ. తర్వాత, ఇందాకటి నుంచీ ఫోన్ చూస్తున్న మనిషిని నవ్వుతూ అడగండి: "ఎన్నింటికి, ఎక్కడ అన్నాను సార్?"

[తెర మీద: అతను ఫోన్ జేబులో పెట్టుకుంటూ గడియారం స్తంభం వైపు చూస్తాడు.]

"మూడున్నరకి. ఆ గడియారం కింద."