ఎంజీ సైబర్‌స్టర్: గొడవ లైట్ల గురించి కాదు, ఎత్తు గురించి

అందరికీ నమస్కారం. ఇవాళ ఒకే ఒక్క కారు గురించి మాట్లాడుకుందాం. మైలేజీ, రేంజ్, ఛార్జింగ్ లాంటివి ఈ వీడియోలో ఉండవు. దాని రూపం గురించి మాత్రమే. ఎందుకంటే ఎంజీ సైబర్‌స్టర్ అనే ఈ రెండు సీట్ల, టాప్ ముడుచుకునే ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు బయటికి వచ్చినప్పటి నుంచి కారు పిచ్చోళ్ల మధ్య నడుస్తున్న గొడవంతా దాని రూపం మీదే. అందంగా ఉందా అనేది ఒక ప్రశ్న. అసలు ఎంజీలా ఉందా అనేది రెండోది. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు నేపథ్యం చెప్తాను. మన తెలుగు రాష్ట్రాల్లో ఎంజీ అంటే 2019లో వచ్చిన హెక్టర్, ఈమధ్య ఎక్కడ చూసినా కనిపిస్తున్న విండ్సర్. బ్రిటన్‌లో అయితే ఎంజీ అంటే వందేళ్ల చరిత్ర. ఆక్స్‌ఫర్డ్‌లో మోరిస్ గ్యారేజెస్ అనే డీలర్‌షిప్ ఉండేది. దానికి మేనేజర్‌గా ఉన్న సెసిల్ కింబర్, మామూలు మోరిస్ కార్ల మీద చూడ చక్కని బాడీలు కట్టించి అమ్మడం మొదలుపెట్టాడు. అలా 1920లలో పుట్టిన పేరు ఇది. ఖరీదైన ఇంజన్ ఉండదు, అరుదైన విడిభాగాలూ ఉండవు. ఇంటి ముందు నిలబడే సాదా కారులోని సామాన్లతోనే, చూస్తే మనసు లాగే రెండు సీట్ల బండి తయారవుతుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇందులో అన్నిటికన్నా పేరున్నది ఎంజీబీ. 1962లో వచ్చి, 1980లో అబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడే వరకు నడిచింది. టాప్ తీయగలిగే రోడ్‌స్టర్, వెనక గాజు తలుపున్న జీటీ కలిపితే 5 లక్షలకు పైగా తయారయ్యాయి. డాన్ హేటర్ గీసిన ఆ రూపంలో నాకు నచ్చేది అతి తక్కువ గీతలు. హెడ్‌లైట్ పై నుంచి మొదలైన ఒక గీత డోర్ మీదుగా వెనక లైటు దాకా ఆగకుండా వెళ్తుంది. మిగతాదంతా నున్నటి రేకు. ఎంజీబీ దానికి ముందున్న ఎంజీఏ కంటే పొడవు తక్కువ, లోపల చోటు మాత్రం ఎక్కువ. కొత్త మోడల్ అంటే పెద్దదవ్వాలి అనే లెక్క అప్పట్లో లేదు.

తర్వాత కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1995లో ఎంజీఎఫ్ వచ్చింది, అది ఎంజీ టీఎఫ్‌గా మారింది. 2005లో ఎంజీ రోవర్ కంపెనీ కుప్పకూలింది. చైనాకు చెందిన నాన్‌జింగ్ కంపెనీ దాన్ని కొన్నది, ఆ నాన్‌జింగ్‌ను ఇంకో చైనా కార్ల కంపెనీ ఎస్ఏఐసీ కలుపుకుంది. ఇంగ్లండ్‌లోని లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీలో టీఎఫ్ మళ్లీ కొన్నాళ్లు తయారై 2011లో ఆగిపోయింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఎంజీ గుర్తున్న స్పోర్ట్స్ కారే లేదు. హ్యాచ్‌బ్యాక్‌లు, ఎస్‌యూవీలు మాత్రమే.

ఆ ఖాళీలో 2021 షాంఘై మోటార్ షోలో సైబర్‌స్టర్ కాన్సెప్ట్ కనిపించింది. గీసింది లండన్‌లో, కార్ల్ గోథమ్ నడిపే ఎస్ఏఐసీ స్టూడియోలో. ఆ కాన్సెప్ట్ ముందు భాగం చూసి పాత అభిమానులు చాలా సంతోషపడ్డారు. గుండ్రటి హెడ్‌లైట్లు, వెలిగించినప్పుడు కన్ను తెరుచుకున్నట్టు తెరుచుకునేవి. ఎంజీబీని గుర్తు చేయడానికే పెట్టారు. 2023లో అసలు అమ్మకానికి సిద్ధమైన కారు వచ్చింది. ఆ వేసవిలోనే ఇంగ్లండ్‌లో గుడ్‌వుడ్ కార్ల వేడుకలో జనం ముందు నిలబెట్టారు. గుండ్రటి కళ్లు పోయాయి. వాటి బదులు కిందికి వాలిన, సన్నటి బాదం గింజ ఆకారపు లైట్లు వచ్చాయి.

అక్కడే గొడవ మొదలైంది.

ఎక్కువ తిట్లు పడింది వెనక లైట్ల మీద. వెనకంతా ఒకే ఎర్రటి పట్టీ, రెండు చివర్లలో రెండు బాణం గుర్తులు. ఎడమ బాణం ఎడమకు, కుడి బాణం కుడికి చూపిస్తాయి. "బొమ్మ కారులా ఉంది" అన్నవాళ్లు ఉన్నారు, "దారి తప్పినవాడికి గుర్తు పెట్టినట్టుంది" అన్నవాళ్లూ ఉన్నారు. ఇందులో నేను డిజైనర్ల వైపే. ఒక పోలిక చూడండి. మినీ కారు వెనక లైట్లలో బ్రిటన్ జెండాను సగం సగం పెట్టారు. దాని ఇండికేటర్ వెలిగితే గీత లోపలి వైపు చూపిస్తుందని, ఎడమకు తిరిగే కారు కుడికి బాణం వేసినట్టు ఉంటుందని చాలామంది ఫిర్యాదు. సైబర్‌స్టర్ బాణాలు కనీసం నిజం చెప్తాయి. రాత్రి పూట రెండు వందల మీటర్ల నుంచి ఇది ఏ కారో తెలిసిపోతుంది. ఆ లైట్లు నాకు అందంగా అనిపించవు, కానీ వాటివల్ల ఈ కారు చెడిపోలేదు.

ఇక డోర్లు. సిజర్ డోర్లు, మీట నొక్కితే మోటార్ మీద పైకి లేస్తాయి. పాత ఎంజీ అభిమానులకు ఇవి అస్సలు ఎక్కలేదు. లంబోర్గినీ వేషం ఎంజీకి ఎందుకు అంటారు. ఈ డోర్లను సమర్థించేవాళ్లు చెప్పే కారణంలోనూ బలం ఉంది. ఈ కారు వెడల్పు 1.9 మీటర్లకు పైనే. రెండే డోర్లు కాబట్టి అవి పొడవుగా ఉంటాయి. ఇరుకు పార్కింగ్‌లో మామూలు డోరయితే తెరుచుకుని దిగే చోటే ఉండదు. పైకి లేస్తే పక్కకు తక్కువ చోటు చాలు. పైన ఏదైనా తగులుతుందేమోనని సెన్సర్లూ పెట్టారు. అర్థమయ్యే వాదనే. కానీ గమనించండి, కారు వెడల్పు ఎక్కువ అవ్వడం వల్ల వచ్చిన ఇబ్బందికి ఆ డోర్లు జవాబు. అంత వెడల్పు ఎందుకైంది అని అడగాలి కదా.

అసలు విషయం ఇక్కడుంది. స్క్రీన్ మీద కొలతలు పెడుతున్నాను, నిదానంగా చూడండి. ఎంజీబీ పొడవు సుమారు 3.89 మీటర్లు, సైబర్‌స్టర్ 4.53 మీటర్లు. ఎంజీబీ వెడల్పు మీటరున్నర, ఇది 1.91 మీటర్లు. ఎత్తు అక్కడ సుమారు 1.25 మీటర్లు, ఇక్కడ దాదాపు 1.33. బరువు అక్కడ టన్నుకు లోపే, ఇక్కడ రెండు మోటార్ల కారయితే 1,985 కిలోలు. అంటే రెట్టింపు. చక్రాలు అక్కడ 14 అంగుళాలు, ఇక్కడ 19, 20 అంగుళాలు.

ఆ చివరి లెక్కే ఫొటోల్లో మనల్ని మోసం చేస్తుంది. కంటికి కారు సైజు తెలిసేది చక్రాన్ని బట్టి. బాడీ పెరిగిన మేరకు చక్రం కూడా పెరిగితే ఫొటోలో నిష్పత్తి సరిగ్గానే ఉంటుంది. అందుకే ఫొటోలు చూసి మెచ్చుకున్నవాళ్లలో కొందరు, కారును ఎదురుగా చూశాక మౌనంగా ఉండిపోయారు. ఇంగ్లండ్‌లో దీన్ని పాత ఎంజీబీ పక్కన నిలబెట్టి తీసిన ఫొటోలు చూడండి. పాతదాని డోర్ పై అంచు కొత్తదాని నడుముకు సరిపోతుందేమో అనిపిస్తుంది.

ఎత్తు ఎక్కడి నుంచి వచ్చింది? నేల కింద 77 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉంది. ఎంజీ వాళ్లు దాన్ని 110 మిల్లీమీటర్ల మందానికి తగ్గించారు, అది చిన్న పని కాదు, మెచ్చుకోవాల్సిందే. అయినా పరుపు మీద పరుపు వేసి కూర్చోబెట్టినట్టు, డ్రైవర్ అంత పైన కూర్చోవాల్సిందే. బ్రిటన్‌లో నడిపి చూసిన విలేకరులు చాలామంది సీటు ఎత్తుగా ఉందనే రాశారు. మనిషి పైకి వెళ్తే డోర్ అంచు పైకి వెళ్లాలి, బానెట్ పైకి వెళ్లాలి, వెనక డిక్కీ కూడా. అలా పెరిగిన రేకును ఖాళీగా వదిలితే గోడలా కనిపిస్తుంది. అందుకని మలుపులు, గుంతలు, నల్లటి ముక్కలు, ఆ బాణాల లైట్లు. అంటే జనం తిడుతున్న అలంకారాలన్నీ ఆ ఎత్తును దాచడానికి వచ్చినవే. లైట్లు మార్చి, డోర్లు మామూలుగా పెట్టినా ఈ గొడవ ఆగదు.

నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. రోడ్‌స్టర్‌లో కూర్చుని, టాప్ తీసేసి, మోచేయి డోర్ మీద ఆనించగలగాలి. 1930ల నుంచి 50ల దాకా వచ్చిన పాత టీ సిరీస్ ఎంజీల్లో డోర్ పైభాగాన్ని కిందికి వంచి కోసేవాళ్లు, చేయి బయటికి వేలాడేంతగా. ఎంజీబీలో చక్కగా ఆనుతుంది. మాజ్డా ఎంఎక్స్-5లో కూడా ఆనుతుంది. ఆ కారు 1989లో జపాన్ వాళ్లు బ్రిటిష్ రోడ్‌స్టర్లను చూసి నేర్చుకుని చేసినదే, నేటికీ నాలుగు మీటర్ల లోపే ఉంది. సైబర్‌స్టర్‌లో డోర్ అంచు భుజం వైపుకు ఎక్కుతుంది. కూర్చున్నవాడికి గాలి తల మీదుగా తెలుస్తుంది, పక్కన నేల కదలడం అంత కనిపించదు. రోడ్‌స్టర్ మజాలో సగం ఆ నేల కనిపించడంలోనే ఉంది.

"ప్రతిసారీ ఇలాగే ఏడ్చారు కదా, తర్వాత అలవాటు పడ్డారు కదా" అని కొందరు అంటారు. చరిత్ర చూస్తే ఆ మాట సగమే నిజం. 1953లో వచ్చిన పాత టీఎఫ్‌ను (పైన చెప్పిన టీఎఫ్ పేరే, కారు వేరు) అప్పట్లో కాలం చెల్లిన బండి అన్నారు, ఇవాళ అపురూపంగా చూసుకుంటున్నారు. 1955లో ఎంజీఏ వచ్చినప్పుడు నిలువు గ్రిల్లు, చక్రాల మీది విడి రెక్కలు ఒక్కసారిగా పోయాయి. అంత పెద్ద మార్పునూ జనం ఒప్పుకున్నారు, లక్షకు పైగా కొన్నారు. ఎందుకంటే కారు కిందికి దిగింది, సన్నబడింది.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. 1974లో అమెరికా నిబంధనల కోసం ఎంజీబీకి లావుపాటి నల్ల రబ్బరు బంపర్లు తగిలించారు. బంపర్, లైట్ల ఎత్తు సరిపోవడానికి కారును సుమారు ఒక అంగుళం పైకి లేపారు. ఒక్క అంగుళమే. మలుపుల్లో కారు ఊగడం మొదలైంది, చూపుకి కాళ్ల మీద నిలబడ్డట్టు అయింది. యాభై ఏళ్లయింది, అభిమానులు ఇంకా క్షమించలేదు. ఇప్పటికీ క్రోమ్ బంపర్ ఎంజీబీకే ధర ఎక్కువ. రబ్బరు బంపర్ కారు కొని, బంపర్లు పీకి, సస్పెన్షన్ దించి పాత రూపానికి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. కాబట్టి ఎంజీ అభిమానులు మార్పును ఒప్పుకోరనడం తప్పు. ఎత్తు పెరగడాన్ని మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

1992లో వచ్చిన ఆర్‌వీ8 గురించి కూడా రెండు ముక్కలు. అదీ తిరిగొచ్చిన కారే, ఎంజీబీ డోర్లూ డిక్కీ మూతా అలాగే వాడి, ముందు వెనక ఉబ్బించి, రోవర్ వీ8 ఇంజన్ పెట్టారు. దాదాపు 2 వేలు తయారైతే ఎక్కువ భాగం జపాన్‌కు వెళ్లాయి. పాతదాన్ని మళ్లీ పోత పోస్తే చాలు అనేవాళ్లు ఆ కారును ఒకసారి చూడాలి. అచ్చం ఎంజీబీయే, కానీ అందులో పాత తేలికదనం లేదు.

పైన గుర్తుపెట్టుకోమన్న మాటకు ఇప్పుడు వస్తాను. ఎంజీ రూపం సాదాగా ఉండడానికి కారణం దాని ధర. మామూలు కార్ల సామాను వాడేవాళ్లు. 1995 ఎంజీఎఫ్‌ను కూడా మెట్రో అనే చిన్న హ్యాచ్‌బ్యాక్ సస్పెన్షన్ భాగాలతోనే కట్టారు, ముందుది తెచ్చి వెనక కూడా పెట్టారు. డబ్బు లేనప్పుడు రేకును అందంగా వంచడం ఒక్కటే దారి. సైబర్‌స్టర్ బ్రిటన్‌లో సుమారు 55 వేల పౌండ్ల దగ్గర మొదలైంది. మన దేశంలో 2025లో దాదాపు 75 లక్షల ఎక్స్ షోరూమ్ ధరతో వచ్చింది. ఆ డబ్బు పెట్టేవాడికి పైకి లేచే డోర్లు, డ్రైవర్ ముందు మూడు స్క్రీన్లు, 510 హార్స్‌పవర్ చూపించాలి. చూపించారు. 3.2 సెకన్లలో వంద అందుకునే కారును ఇంత ధరకు ఇవ్వడం గొప్పే, నేను కాదనను. బ్రిటన్ పెద్దవాళ్ల బాధ వేరు: వాళ్ల ఎంజీ స్కూలు టీచర్ కూడా కొనగలిగే స్పోర్ట్స్ కారు.

మన దగ్గర సైబర్‌స్టర్ చూసే కుర్రాళ్లకు ఆ జ్ఞాపకం లేదు. వాళ్ల ఊళ్లో ఎంజీబీలు తిరగలేదు. వాళ్లు దీన్ని దీనిగానే చూస్తారు: టాప్ 10 సెకన్లలో ముడుచుకునే, డోర్లు రెక్కల్లా లేచే కారు. వాళ్లకు నచ్చడంలో తప్పేమీ లేదు. ముందు నుంచి ముప్పావు కోణంలో చూస్తే నాకూ నచ్చుతుంది. పొడవాటి బానెట్, వెనక్కి జరిగిన సీట్లు, ఆ వాలు చాలా బాగున్నాయి. కానీ చరిత్ర పేరు చెప్పి అమ్ముతున్నప్పుడు, ఆ చరిత్ర తెలిసినవాడు కొలబద్ద తీస్తే కోప్పడకూడదు.

మరి నేనయితే ఏం మార్చేవాణ్ణి? బ్యాటరీలో మూడో వంతు తగ్గించి, ఆ బ్యాటరీని నేల కింద కాకుండా సీట్ల వెనక పేర్చేవాణ్ణి. రేంజ్ తగ్గుతుంది, తగ్గనివ్వండి. రోడ్‌స్టర్‌లో 500 కిలోమీటర్లు ఆగకుండా వెళ్లేవాళ్లు ఎంతమంది? సీటు కిందికి దిగుతుంది, డోర్ అంచు దిగుతుంది, వెనక రేకు పలచబడుతుంది. అప్పుడు గుండ్రటి హెడ్‌లైట్లకు చోటు దానంతటదే దొరుకుతుంది.

అది జరగకపోతే ఇంకో దారి ఉంది, అది ఎంజీ వాళ్లే చూపించారు. 2024 గుడ్‌వుడ్‌లో సైబర్ జీటీఎస్ అనే కాన్సెప్ట్ పెట్టారు. సైబర్‌స్టర్‌కు గట్టి టాప్ వేసి, వెనక్కి వాల్చిన కూపే. 1965లో ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా సాయంతో వచ్చిన ఎంజీబీ జీటీని తలపించే పని. పైకప్పు రాగానే ఆ ఎత్తయిన నడుము సరిగ్గా కుదిరింది. రోడ్‌స్టర్‌కు బరువైన శరీరం, కూపేకు సరైన శరీరం. ఎంజీ దాన్ని తయారు చేయాలి, బాణాల లైట్లతో సహా చేసినా నాకు అభ్యంతరం లేదు. రెండు కార్ల ఫొటోలూ పక్కపక్కన పెట్టాను. మీ ఓటు ఏ కారుకో, ఎందుకో, కింద రాయండి.