డివాయిడ్ అంటే ఉత్త 'లేదు' కాదు

అందరికీ నమస్కారం. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరకడమే గగనం, అలాంటిది దొరికిన కుర్చీలు వదిలేసి ఒక్క ఇంగ్లీషు మాట గురించి వినడానికి వచ్చారు కాబట్టి సోది లేకుండా మొదలుపెడతా. ఆ మాట డివాయిడ్.

డిక్షనరీలో 'లేని, శూన్యమైన' అని ఉంటుంది. తప్పేం కాదు. కానీ అక్కడితో ఆగిపోతే ఏమవుతుందంటే, మొన్న ఒక అమ్మాయి హుస్సేన్ సాగర్ మీద వ్యాసం రాసి తెచ్చింది, బాగానే రాసింది, చివర్లో 'వియ్ మస్ట్ మేక్ ది లేక్ డివాయిడ్ ఆఫ్ పొల్యూషన్' అని ముగించింది. గ్రామర్‌కి వంక పెట్టలేం. అయినా చదవగానే పంటి కింద రాయి పడ్డట్టయింది. ఎందుకంటే డివాయిడ్ ఎక్కువగా, ఉండాల్సినదో ఉంటుందని మనం అనుకున్నదో అస్సలు లేనప్పుడు వాడే మాట. ప్రాణం, అర్థం, జాలి, మొహంలో భావం, ఇలాంటివి. అక్కర్లేనిది లేకపోతే ఫ్రీ ఆఫ్ అంటే సరిపోతుంది. అదే చెరువులో చేపలు చచ్చి తేలాయి, నీళ్లలో ఆక్సిజన్ బొత్తిగా లేదు అనుకోండి, అప్పుడు డివాయిడ్ ఆఫ్ ఆక్సిజన్ అనండి, ఎంత చక్కగా కుదురుతుందో!

ఈ తేడా మనకేం కొత్త కాదు. డాక్టరు దగ్గర రక్తహీనత అంటాం, చరిత్ర పుస్తకంలో రక్తరహిత విప్లవం అంటాం. రెండిట్లోనూ రక్తం లేకపోవడమే కదా, మరి అటుదిటు మార్చి చూడండి. కాలుష్యరహిత నగరం అని బోర్డు పెడతారు, కాలుష్యహీన నగరం అని పెడితే దారిన పోయేవాళ్లు నవ్వుతారు. హీనంలో ఒక లోటు ఉంది, రహితానికి ఆ బాధ లేదు. డివాయిడ్ హీనం వైపు మొగ్గుతుంది. ఇదేం శిలాశాసనం కాదు, డివాయిడ్ ఆఫ్ బయాస్ అని మెచ్చుకుంటూ రాసేవాళ్లూ ఉన్నారు. ఇంకో సంగతి, రక్తహీనత ఉన్న మనిషి రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువే గానీ అసలు లేకుండా పోదు. అలాంటి కొరతకి ల్యాకింగ్ చాలు. డివాయిడ్ అంటే గుండు సున్నా, ఇసుమంతైనా లేదని. అందుకే వెరీ డివాయిడ్ అనరు, కావాలంటే అట్టర్లీ డివాయిడ్ అంటారు.

పుట్టుక చూస్తే ఇది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, ఖాళీ చేయడం అనే క్రియ దీనికి మూలం. శూన్యానికి వాడే వాయిడ్, తప్పించుకోడానికి వాడే అవాయిడ్, ఇవీ ఆ ఇంటివే. మన ఊళ్లో ఉర్దూ మాట 'ఖాళీ' ఉంది చూడండి, ఇల్లు ఖాళీ, ఖాళీగా కూర్చున్నా, దానంత స్వేచ్ఛ మాత్రం దీనికి లేదు. ఖాళీ డబ్బా అన్నట్టు డివాయిడ్ బాక్స్ అనకూడదు. వెనకాల 'ఆఫ్' ఉండాల్సిందే, ఏది లేదో చెప్పాల్సిందే. ఫ్రమ్ పెట్టారో, మార్కు పోయినట్టే.

దీన్ని బెరెఫ్ట్ అనే ఇంకో ఇంగ్లీషు మాటతో కలిపేయకండి. అందులో ఒకప్పుడు ఉండి పోయిందన్న దిగులు వినిపిస్తుంది. చంద్రుడి మీద అడవులు లేవు, అక్కడ డివాయిడ్ అనొచ్చు, పాపం చంద్రుడు పోగొట్టుకున్నదేం లేదు.

నాకు బాగా నచ్చేది మాత్రం దీని ముందు నాట్ చేరినప్పుడు. 'నాట్ డివాయిడ్ ఆఫ్ మెరిట్' అని ఒకాయన రాస్తాడు, మనవాళ్లు కంగారుపడి 'మెరిట్ లేదు' అని తర్జుమా చేస్తారు. అది కాదు. మనకి అచ్చంగా దానికి సరిపోయే మాట ఉంది: లేకపోలేదు. 'కుర్రాడిలో విషయం లేకపోలేదు' అని పెద్దాయన ఒకరు పెదవి విరుస్తూ అంటే అది పొగడ్తో కాదో ఎలా తేలదో, ఇదీ అంతే. మీ జవాబు పక్కన ఎవరైనా అలా రాస్తే, మార్కులు పడతాయి, మురిసిపోయేంత పడవు.

ఇక మీరు అడగండి.