తొండి లేని పందెం

అందరికీ నమస్కారం. మన జయపురం నుంచి విశాఖ వెళ్ళే దారిలో సుంకి ఘాట్ దిగని వాళ్ళు ఈ గదిలో ఎవరూ ఉండరనుకుంటాను. లోడు లారీ ఆ ఘాట్ ఎలా దిగుతుందో చూసే ఉంటారు. డ్రైవర్ బ్రేకునే నమ్ముకోడు. చిన్న గేరులో పెట్టి, ఇంజన్ పట్టు మీద దింపుతాడు. అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తుందని అతనికి తెలుసు. వాన పడుతుంటే ఇంకా నెమ్మదిగా దింపుతాడు. ఎదురొచ్చే బస్సుకీ అదే రోడ్డు, అదే వాన. ఈ చివరి మాట కాస్త గుర్తుపెట్టుకోండి. కారు పందేల వీడియో గేముల గురించి ఇవాళ నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పోయిన వానాకాలం మా మేనల్లుడు ఇలాంటి గేమ్ ఒకటి ఆడుతూ, సెట్టింగ్స్‌లో కారు నడపడం తేలిక చేసే సాయాలన్నీ తీసేశాడు. బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, వేగం పెంచినప్పుడు చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ లేదు. టైరు అరుగుదల, పెట్రోలు ఖర్చు, గుద్దితే కారు పాడయ్యే డ్యామేజ్ అన్నీ ఆన్. అసలు కారు నడిపినట్టే ఉండాలని వాడి పట్టుదల. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "మామయ్యా, కంప్యూటర్ తొండి చేస్తోంది" అన్నాడు. ఓడిపోయి ఉక్రోషంతో అంటున్నాడనుకున్నాను. వాడు మాత్రం ఒడియా లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలో రెండు వరుసలు గీసి, పన్నెండు ల్యాపుల, అంటే ట్రాకు చుట్టూ పన్నెండు చుట్ల, టైములు రాసిపెట్టాడు. వాడి వరుస పైకీ కిందికీ ఊగుతోంది. ముందున్న కంప్యూటర్ కారు వరుసలో మొదటి ల్యాపుకీ పన్నెండో ల్యాపుకీ సెకనులో పదో వంతు కూడా తేడా లేదు.

ఆ పేజీ చూశాక వాడన్నది నిజమేననిపించింది. నిండు ట్యాంకుతో బయలుదేరిన కారు బరువుగా ఉంటుంది, నెమ్మదిగా పోతుంది. ఫార్ములా వన్‌లో పది కిలోల పెట్రోలుకు ల్యాపుకి సుమారు 0.3 సెకన్లు పోతాయని ఒక మోటు లెక్క ఉంది. అంటే వంద కిలోలతో మొదలైతే ల్యాపుకి దాదాపు మూడు సెకన్లు. పెట్రోలు తగ్గేకొద్దీ కారు తేలికవుతుంది, మరోపక్క టైరు అరిగి పట్టు తగ్గుతుంది. ఈ రెంటి మధ్యా టైములు ఊగాల్సిందే. ఊగడం లేదంటే ఆ కారు పెట్రోలూ మోయడం లేదు, దాని టైరూ అరగడం లేదు. మనవాడు ఆన్ చేసిన నిజమంతా వాడొక్కడి నెత్తినే పడింది.

ఇది ఆట తయారుచేసేవాళ్ళు కావాలని చేసే మోసం కాదు. తెర మీద బొమ్మ సెకనుకు అరవై సార్లు మారాలంటే ఒక్కో బొమ్మకు దొరికేది పదహారు మిల్లీసెకన్ల చిల్లర. ఆ కాస్తలోనే గీయడం, శబ్దం, మన కారు లెక్క అన్నీ అయిపోవాలి. మన కారు టైరు రోడ్డును ఎలా పట్టుకుందో సెకనుకు వందల సార్లు లెక్కకట్టాలి. అదే లెక్క ఇంకో ఇరవై కార్లకూ చెయ్యాలంటే యంత్రానికి భారమే. అందుకని చాలా ఆటల్లో పోటీకార్లకు తేలికపాటి లెక్క పెట్టారు. ముందే గీసిన గీత మీద, ముందే అనుకున్న వేగంతో పోతాయవి. మలుపులో వెనక చక్రం జారదు. గుద్దితే బండరాయిని గుద్దినట్టుంటుంది.

తొండిలో ఇంకో రకం ఉంది, రబ్బర్ బ్యాండ్ అంటారు. మీరు ముందుకుపోతే వెనకున్న కారుకు ఎక్కడలేని వేగమూ వస్తుంది, మీరు వెనకబడితే ముందున్నది తగ్గి మీకోసం ఆగుతుంది. 1992లో వచ్చిన సూపర్ మారియో కార్ట్ లాంటి సరదా ఆటల్లో దానికో అర్థం ఉంది. నిజంలా ఉంటుందని చెప్పుకునే ఆటలో దాన్ని నేను ఒప్పుకోను. ఆడేవాడు పడ్డ కష్టాన్ని అది తుడిచేస్తుంది.

ఇక్కడ పిల్లలు ఎక్కువగా పొరబడే విషయం ఒకటి చెప్పాలి. ప్రత్యర్థి ఎంత గట్టివాడు అన్నది వేరు, ఆట ఎంత నిజంగా ఉంది అన్నది వేరు. తొంభైల మొదట్లో జెఫ్ క్రామండ్ చేసిన ఫార్ములా వన్ ఆటలో ఈ రెండూ ముడిపడే ఉండేవి. స్థాయి పెరిగేకొద్దీ మన సాయాలు తగ్గేవి, కంప్యూటర్ కార్ల వేగం పెరిగేది. ఇప్పటి ఫార్ములా వన్ ఆటల్లో ప్రత్యర్థి బలానికి విడిగా 0 నుంచి 110 దాకా కొలత ఉంది. సాయాలు తీసేసిన రోజే ఈ కొలత కూడా పైకి తొయ్యకండి. ఏబీఎస్ లేకుండా చక్రం బిగుసుకోకుండా బ్రేకు తొక్కడం కాలికి రావాలంటే వారాలు పడుతుంది. ఆ వారాల్లో ప్రత్యర్థిని కాస్త దించుకుంటే చిన్నతనమేమీ కాదు.

డ్యామేజ్ సెట్టింగ్ గురించి మాత్రం కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ప్రత్యర్థి ప్రవర్తనను అన్నిటికంటే ఎక్కువగా మార్చేది అదే. అది ఆఫ్‌లో ఉంటే ఆడేవాడు మలుపు దగ్గర బ్రేకే తొక్కడు. బయటివైపు వెళ్తున్న కంప్యూటర్ కారును గోడలా వాడుకుని, దాని ఒంటికి ఆనుకుని తిరిగేస్తాడు. ఎంత తెలివైన ప్రత్యర్థి ఉన్నా ఆ ఆటలో చెయ్యగలిగిందేమీ లేదు. ఆన్ చేస్తే కథ తిరగబడుతుంది. ఇప్పుడు పక్కన కారు ఉందని గమనించి చోటివ్వడం ప్రత్యర్థికి తెలిసుండాలి. తన గీత తప్ప ఇంకేమీ చూడని కారైతే వెనకనుంచి వచ్చి గుద్దుతుంది. మీ కారు వెనకుండే రెక్క ఊడుతుంది, దాని ఒంటికి చిన్న గీరు కూడా పడదు. అలాంటి ఆటలో డ్యామేజ్ సగానికి పెట్టుకోమంటాను. నిజం తగ్గుతుంది, న్యాయం పెరుగుతుంది.

బాగా చేసినవాళ్ళూ ఉన్నారు. ఇటలీవాళ్ళు చేసిన అసెట్టో కోర్సా 2014లో వచ్చింది. అందులో పోటీకార్లకూ మన కారు సూత్రాలే. తప్పు చేస్తే అవీ జారతాయి. ఇక 2022లో నేచర్ అనే సైన్సు పత్రికలో సోనీవాళ్ళు, తమ గ్రాన్ టురిస్మో పందేల ఆటలో కారు నడిపే సోఫీ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ గురించి రాశారు. దానికి గీత గీసివ్వలేదు. వెయ్యికి పైగా ప్లేస్టేషన్ ఆట యంత్రాల మీద పదేపదే నడిపి, ముందుకుపోతే మార్కులు, గుద్దితే కోత, అలా నేర్పారు. 2021 జులైలో మేటి ఆటగాళ్ళతో జరిగిన జట్టు పందెంలో అది ఓడింది. అక్టోబరుకల్లా గెలిచింది. నాకు బాగా నచ్చింది ఆ మార్కుల కోతే. ఎదుటివాణ్ణి గుద్దకుండా దాటడం కూడా పందెంలో భాగమని వాళ్ళు ముందే నిర్ణయించుకున్నారు.

మీ ఇంట్లో ఉన్న ఆట ఎలాంటిదో పెట్టె మీద రాసింది చూసి తెలుసుకోలేం. అందుకే స్టీరింగ్ తెచ్చి ఈ బల్లకు బిగించాను. పెట్రోలు, టైర్లు ఆన్ చేసి పెట్టాను, పది ల్యాపులు. ఒకరు వచ్చి నడపండి. ఇంకొకరు ఈ కాగితం మీద రెండు వరుసలు గీసి, ప్రతి ల్యాపుకీ ముందున్న కారు టైము కూడా రాయండి. వాన సెట్టింగ్ ఐదో ల్యాపులో వేస్తాను. అప్పుడు ఆ రెండో వరుస వైపు చూడండి.