"తెలుస్తోంది" అంటే ఎవరికి తెలుస్తోంది?

నమస్తే. టీవీ వార్తల్లో రోజూ చెవినపడే ఒక్క మాట తీసుకుందాం: "తెలుస్తోంది". ఎవరికి తెలిసింది, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏదీ చెప్పక్కర్లేదు. వాక్యం చివర ఇది తగిలిస్తే పుకారు కూడా వార్త అయి కూర్చుంటుంది. "సమాచారం", "అంటున్నారు" దీని తోబుట్టువులే.

2025 మే 8 రాత్రి ఈ మాట ఎంత పని చేసిందో చూద్దాం. ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ మొదలైంది. ఆ మర్నాడు రాత్రి దేశమంతా టీవీలకు అతుక్కుపోయి ఉన్న వేళ, కరాచీ పోర్టు మీద మన నేవీ దాడి చేసిందని చానెళ్లు ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి. కొందరు విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ పేరూ కలిపారు. ఇస్లామాబాద్ మన చేతికి చిక్కినట్టే మాట్లాడినవాళ్లూ ఉన్నారు. కరాచీ మంటలంటూ ఫోన్లలో తిరిగిన ఒక వీడియో ఎక్కడిదో తెలుసా? అమెరికాలోని ఫిలడెల్ఫియాది. అదే ఏడాది జనవరి 31న అక్కడ ఒక చిన్న విమానం ఇళ్ల మధ్య కూలినప్పుడు తీసింది.

మూడు రోజులకు, మే 11న, వైస్ అడ్మిరల్ ఏఎన్ ప్రమోద్ విలేకరుల ముందు అసలు సంగతి చెప్పారు. కరాచీ సహా ఎంచుకున్న లక్ష్యాలను కొట్టడానికి నేవీ సిద్ధంగా మోహరించి ఉందన్నారు. సిద్ధంగా ఉందంటే, కొట్టలేదనేగా!

మరి జనం అంత తేలిగ్గా ఎలా నమ్మారు? కరాచీ కథకు మన జ్ఞాపకంలో ముందే చోటుంది. 1971 డిసెంబర్ 4 రాత్రి మన మిసైల్ బోట్లు నిజంగానే కరాచీని కొట్టాయి. నేవీ డే జరిపేది అందుకే. విశాఖ ఆర్కే బీచ్‌లో విన్యాసాలు చూసినవాళ్లకు వేరే చెప్పాలా? కాకపోతే అప్పటి విక్రాంత్ కరాచీ వైపు పోనేలేదు, బంగాళాఖాతంలో తూర్పు పాకిస్తాన్ రేవుల మీద పనిచేసింది. 2025 పుకారు ఆ రెండు కథలనూ కలిపి వండేసింది. పూర్తిగా కొత్త అబద్ధాన్ని జనం అనుమానిస్తారు. పాత నిజాన్ని ఆనుకుని వచ్చినదాన్ని ఎవరూ ఆపరు.

అవతలి పక్క వాళ్లేం తక్కువ తినలేదు. భారత విమానాలు కూల్చామన్నదానికి ఆధారం ఏదని సీఎన్ఎన్ అడిగితే, అంతా సోషల్ మీడియాలో ఉందన్నారు పాక్ రక్షణ మంత్రి ఖవాజా ఆసిఫ్. ఉప ప్రధాని ఇషాక్ దార్ అయితే తమ వైమానిక దళాన్ని బ్రిటన్ పత్రిక డైలీ టెలిగ్రాఫ్ ఆకాశానికెత్తిందని ఏకంగా సెనేట్‌లోనే చెప్పారు. ఆ క్లిప్పింగ్ నకిలీదని బయటపెట్టింది పాకిస్తాన్ పత్రిక డానే. డాన్ న్యూస్, జియో న్యూస్ సహా 16 పాక్ యూట్యూబ్ చానెళ్లను ఏప్రిల్ చివర్లోనే మన ప్రభుత్వం ఆపేసింది. మే మొదట్లో అక్కడి ఎఫ్ఎం రేడియోలు మన పాటలు మానేశాయి.

నా దృష్టిలో అసలు జబ్బు ఇంకా లోపల ఉంది. ఇస్లామాబాద్‌లో మన విలేకరులు ఇద్దరుండేవారు, ఒకరు ది హిందూ పత్రికకి, ఒకరు వార్తాసంస్థ పీటీఐకి. 2014 మేలో ఇద్దర్నీ పాకిస్తాన్ పంపించేసింది. లాహోర్‌లో ఉల్లిగడ్డ ధరెంతో, కరాచీలో కరెంటు ఎన్ని గంటలు పోతోందో చూసి రాసే మనిషి అప్పట్నుంచీ మనకు లేడు. మిగిలింది ఎవరో పెట్టిన క్లిప్పు, స్టూడియోలో నలుగురి డిబేటు. సైన్యం, సర్కారు, ఉగ్రవాది, కూరగాయలమ్మే మనిషి, 24 కోట్ల జనం మొత్తం "పాక్" అనే రెండక్షరాల్లో ఇమిడిపోతారు. "పాక్‌కు వణుకు" అని స్క్రోలింగ్ వేస్తే, వణికిందెవరని అడిగేవాళ్లుండరు. మన పత్రికలకు "దాయాది" అనే మాటంటే మహా ఇష్టం. గట్టు తగాదా, కోర్టు కేసు చూసిన ఊళ్లలో ఆ మాటకు అర్థం విడమరచక్కర్లేదు.

ఈ తొందరకు బలయ్యేది ఒక్కోసారి మన మనిషే. మే 7న జమ్మూకశ్మీర్‌లోని పూంచ్‌లో పాక్ ఫిరంగి గుండ్లకు ఒక మదరసా ఉపాధ్యాయుడు చనిపోతే, కొన్ని జాతీయ చానెళ్లు ఆయన్ని ఉగ్రవాదిగా చూపించాయి. అది అబద్ధమని పూంచ్ పోలీసులు ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. మనిషి పోయిన దుఃఖంలో ఉండగానే ఆ కుటుంబం మోసిన నింద అది.

ఇక చూసేటప్పుడు ఏం గమనించాలి? తెర మూలన చిన్న అక్షరాల్లో "ఫైల్ విజువల్స్" అని ఉందేమో చూడండి. ఉంటే ఆ మంటలు ఈ రాత్రివి కావు. లేకపోతే స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టండి. మంటలు నిండిన ఫ్రేమ్ పనికిరాదు, ఏ మంటైనా ఒకేలా ఉంటుంది. బోర్డు, నంబరు ప్లేటు, కరెంటు స్తంభం కనిపించే ఫ్రేమ్ పట్టుకోండి. వీడియోలో గడియారం కనిపిస్తే, పాకిస్తాన్ టైము మనకంటే అరగంట వెనక అని గుర్తుంచుకోండి. వెనకాల సైరన్ మోగుతుంటే అది ఊళ్లోదా, స్టూడియోలోదా? ఈ సందేహం ఊరికే రాలేదు. ప్రోగ్రాముల్లో సివిల్ డిఫెన్స్ సైరన్ మోత వాడొద్దని మే 10న కేంద్ర హోం శాఖే చానెళ్లకు చెప్పాల్సి వచ్చింది. మర్నాడు అధికారులు పెట్టే బ్రీఫింగ్ వినండి. రాత్రి "ధ్వంసం" అన్న మాట పొద్దున వాళ్ల నోట వస్తుందో లేదో చూడండి.

అదే మే 10న శంషాబాద్‌లో కరాచీ బేకరీ దుకాణం మీదికి కొందరు వెళ్లి, పేరు మార్చాలంటూ బోర్డును కర్రలతో కొట్టారు. ఆ బేకరీని 1953లో మోజంజాహీ మార్కెట్ దగ్గర మొదలుపెట్టింది ఖాన్‌చంద్ రామ్‌నాని, దేశ విభజనలో ఇటు వచ్చేసిన సింధీ. రెండు రాత్రుల కిందట టీవీలో తగలబడిన కరాచీ ఎక్కడో ఉంది. హైదరాబాద్‌లో చేతికందింది ఈ బోర్డే.